ఆ లడ్డూ గురువుగారు తినలేదు

గుడివాడ కల్యాణమండపం మేడమీద ఆ ఆదివారం కనబడకుండా పోయిన బందరు లడ్డూను మా గురువుగారు తినలేదు. ఈ ఒక్క వాక్యం చదివి పక్కన పెట్టేసేవాళ్ళున్నా నాకు ఇబ్బంది లేదు. మిగతాదంతా దీనికి ఆధారమే.

ఆయన తిన్నారని, తిని పుస్తకంలో అంకె మార్చారని మా చుట్టుపక్కల ఆడిటర్లలోనూ అకౌంటెంట్లలోనూ ఒక కథ తిరుగుతోంది. పామర్రులో ఒకాయన నేనెవరో తెలియక నాకే చెప్పాడు. బాగా చెప్పాడు. గురువుగారు కండువాతో మూతి తుడుచుకోవడం కూడా చేసి చూపించాడు. నేను నవ్వాను. ఆ కథ పుట్టించినవాణ్ణి నేనేనన్న సంగతి అతనికి చెప్పలేదు.

నేను బందరులో ఆడిటర్ని. కోనేరు సెంటర్ దగ్గర మెట్లెక్కితే మా ఆఫీసు. కింద మిఠాయి కొట్టు ఉండటంతో మా ఫైళ్ళన్నీ నేతి వాసన వేస్తాయి. పని నేర్చుకున్నది మాత్రం గుడివాడలో, గురువుగారి దగ్గర. చేరిన రోజునే ఆయన నా చేతిలోంచి పెన్సిల్ లాక్కుని కిటికీలోంచి వీధిలోకి విసిరేశారు.

దానికో కారణం ఉంది. మా వైపు లెక్కలు రాసేవాళ్ళకి ఒక అలవాటు. ముందు అంకెలన్నీ పెన్సిల్‌తో వేస్తారు. మొత్తం కలిసిందాకా రబ్బరు పక్కనే ఉంటుంది. కలిశాక వాటి మీద సిరా దిద్దుతారు. రైసుమిల్లులోనైనా, చేపల చెరువు దగ్గరైనా, బట్టల కొట్లోనైనా అంతే. అందుకే మా ప్రాంతంలో ఏ పుస్తకం తెరిచినా ఒక్క కొట్టివేత కనబడదు. ఎవరూ జీవితంలో ఒక్క తప్పు చేయనట్టు ఉంటాయి.

గురువుగారికి అది గిట్టదు. "సిరాతో రాయవోయ్," అనేవారు. "తప్పు పడితే ఒక్క గీత గియ్యి. కింద అంకె కనబడాలి. పక్కన సరైనది వేసి పొట్టి సంతకం చెయ్యి. నువ్వు తప్పు రాశావన్నది కూడా లెక్కే."

ఆయన దగ్గరున్నన్నాళ్ళూ సిరాతో రాశాను. బందరు వచ్చి సొంతంగా బోర్డు పెట్టుకున్నాక మళ్ళీ పెన్సిల్ పట్టాను. ఈ కథంతా ఆ పెన్సిల్ దగ్గరే మొదలైంది.

కాదు. ఇంకొంచెం ముందు, పెడనలో ఒక పెళ్ళి భోజనం దగ్గర మొదలైంది. నా కుడిపక్క కూర్చున్న పెద్దమనిషి, "ఈ ఆడిటింగులూ అవీ ఇంకెన్నాళ్ళుంటాయండీ?" అని అడిగాడు. పులిహోర నోట్లో ఉండగా నేను, "ముందు ముందు అంతా బ్లాక్‌చెయినేనండీ," అన్నాను. ఆ మాట ఎక్కడో విన్నాను. అంతకు మించి దాని గురించి నాకు తెలిసింది లేదు. ఎడమపక్క కూర్చున్నాయన గుడివాడ ఆడిటర్ల స్టడీ సర్కిల్ సెక్రటరీ అని కూడా తెలియదు. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, "అయితే వచ్చే నెల మీటింగులో మీరే చెప్పండి. మావాళ్ళంతా హడలిపోయి ఉన్నారు," అన్నాడు. విస్తరి ముందు కూర్చుని తెలియదనడానికి నాకు మొహం చెల్లలేదు.

ఆ నెలంతా చదివాను. ఫోన్‌లో వీడియోలు చూశాను. వాటిలో మాట్లాడేవాళ్ళంతా ఎవరో తరుముతున్నట్టు మాట్లాడతారు. చివరికి నాకు అర్థమైంది మా ఆవిడకి చెప్పి చూశాను.

"ఒకే లెక్కల పుస్తకం. దానికి చాలా కాపీలు. సంబంధం ఉన్న ప్రతివాడి దగ్గరా ఒకటి. ఎవరేం రాసినా అందరి కాపీల్లోనూ ఎక్కుతుంది. తర్వాత ఎవడైనా తన కాపీలో మార్చుకుంటే మిగతావాటితో కలవదు, దొరికిపోతాడు."

ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "మన అపార్ట్‌మెంట్ గ్రూపు లాగన్నమాట," అంది. "మూడో అంతస్తావిడ మోటారు గురించి తిట్టి, తర్వాత తీసేసింది చూడండి. అప్పటికే అందరూ ఫోటో తీసి పెట్టుకున్నారు."

నేను తయారు చేసుకున్న నలభై స్లైడుల్లో ఇంతకంటే స్పష్టంగా ఏదీ లేదు. కానీ అపార్ట్‌మెంట్ మోటారు గురించి చెప్తే గుడివాడలో నన్ను పండితుడనుకోరని ఆ ఉదాహరణ వదిలేశాను.

మీటింగు రోజున మండపం మేడ నిండింది. ముందు వరసలో గురువుగారు. తెల్లచొక్కా, మెడలో కండువా, పక్కన మజ్జిగ ఫ్లాస్కు. ఆయనకి షుగరు. బయట టీ తాగరు. నన్ను చూసి, "బాగా చెప్పవోయ్. తెలియంది తెలియదని చెప్పు," అన్నారు. వేదిక ఎక్కే మనిషికి అంతకంటే నిరుత్సాహపరిచే మాట ఉండదు.

మొదటి గంట బాగానే గడిచింది. రైసుమిల్లు ఉదాహరణ చెప్పాను. "మిల్లు లెక్క ఒకే పుస్తకంలో ఉంటే, ఆ పుస్తకం ఎవరి బీరువాలో ఉంటే వాడిదే మాట. అదే లెక్క మిల్లు దగ్గర, ధాన్యం అమ్మిన రైతు దగ్గర, బ్యాంకు దగ్గర, లారీ ఓనరు దగ్గర ఒకేసారి ఎక్కిందనుకోండి. అప్పుడు ఒక్కడు మార్చి లాభం లేదు. పైగా ప్రతి పేజీ నెత్తిన కిందటి పేజీ గుర్తు ఒకటి ఉంటుంది. పాత పేజీలో ఒక్క చుక్క మారినా ఆ గుర్తు మారిపోతుంది. దాని తర్వాతి పేజీలన్నీ చెడిపోతాయి. బ్లాక్‌చెయిన్ అంటే పేజీల గొలుసు అన్నది అందుకే."

వెనక నుంచి ఒకాయన లేచాడు. "ఇది మన క్యారీడ్ ఫార్వర్డే కదండీ, పేజీ మొత్తాన్ని తర్వాతి పేజీకి ఎక్కించడం. మా నాన్నగారు కూడా వేసేవారు."

"దాని తాతగారు అనుకోండి," అన్నాను. "మీ నాన్నగారి పుస్తకంలో ఎవరికీ తెలియకుండా రెండు అంకెలు అటూ ఇటూ చేసి మళ్ళీ అదే మొత్తం తేవచ్చు. ఇక్కడ కామా మార్చినా తెలిసిపోతుంది."

"మా నాన్నగారు అలాంటివారు కాదండీ," అన్నాడాయన నొచ్చుకుని. ఆయన కూర్చునేదాకా ఆగాల్సి వచ్చింది.

తర్వాత అందరూ అడగాలని వచ్చిన ప్రశ్న ఒకాయన అడిగాడు. "మరి మన పని పోతుందా?"

"పోదు. వెయ్యి బస్తాల ధాన్యం అని గొలుసులో ఎక్కితే ఆ వెయ్యిని ఎవరూ మార్చలేరు. అంతవరకే. ఆ బస్తాల్లో ఉన్నది ధాన్యమో ఊకో గొలుసుకి తెలియదు. వెళ్ళి బస్తాలో చెయ్యి పెట్టి చూడాల్సింది మనమే. అబద్ధం రాస్తే, అది చెరగని అబద్ధం అవుతుంది. అంతే తేడా."

ఇది ఇప్పుడు రాస్తుంటే నా చెయ్యి ఆగింది. ఆ రోజు మైకులో గడగడా అనేశాను. ఉద్యోగాలు పోవని తెలియగానే హాల్లో సగంమంది ఊపిరి పీల్చుకుని ఫోన్లు తీశారు.

వాళ్ళని మళ్ళీ లేపడానికే ఆట పెట్టాను. ఆరు బల్లలు. బల్లకో పుస్తకం, బల్లకో పళ్ళెంలో కొన్ని బందరు లడ్డూలు. మా ఆఫీసు కింద కొట్టులోవే. నేను మైకులో, "రెండో బల్ల నుంచి మూడో బల్లకి ఒకటి," అని చదువుతాను. లడ్డూ చేతులు మారుతుంది. ఆ సంగతి ఆరు పుస్తకాల్లోనూ రాయాలి. పేజీ అడుగున చేతులు మారినవాటి మొత్తం వేసి, తర్వాతి పేజీ నెత్తిన ఎక్కించి, దాన్ని కలుపుకుంటూ వెళ్ళాలి. అదే మా గొలుసు.

ఇందులో ఒక గుట్టు పెట్టాను. రెండో బల్ల దగ్గర మా బావని కూర్చోబెట్టాను. మా ఆవిడకి అన్నగారు, అవనిగడ్డలో టాక్సు ప్రాక్టీసు. మధ్యలో టీ విరామం ఇస్తాను, అప్పుడు ఆయన తన పుస్తకంలో ఒక అంకె మార్చాలి. విరామం తర్వాత ఆరు పుస్తకాలూ పోల్చి చూస్తే ఐదు ఒకలా ఉంటాయి, బావది ఒక్కటే వేరుగా ఉంటుంది. దొంగ దొరుకుతాడు, చప్పట్లు పడతాయి. "నన్నే దొంగని చేస్తావా బావా," అన్నాడే గానీ ఒప్పుకున్నాడు. నేను ఆయన్ని తక్కువ అంచనా వేశాను.

ఇంకో పొరపాటు కూడా జరిగింది. చెరపడానికి వీల్లేని పుస్తకం గురించి చెప్పబోతూ, బల్లబల్లకీ నేను పంచింది పెన్సిళ్ళు. వెనక గులాబీరంగు రబ్బరున్నవి. డజనుకి తగ్గింపు ఇచ్చాడని కొన్నాను. హాల్లో ఒక్కరికీ అది వింతగా తోచలేదు. అందరూ అలవాటుగా పుచ్చుకున్నారు. ఐదో బల్ల దగ్గర గురువుగారు మాత్రం పెన్సిల్ పక్కన పెట్టి జేబులోంచి తన పెన్ను తీశారు.

టీ విరామంలో ఏం జరిగిందో తర్వాత బావ చెప్పాడు. రెండో బల్ల నుంచి ఐదో బల్లకి రెండు లడ్డూలు అని నేను చదివిన చోట, తన పుస్తకంలో మూడు చేశాడు. అక్కడితో ఆగితే ఆట నేననుకున్నట్టే సాగేది. ఆయన టీకప్పు పట్టుకుని బల్లబల్లకీ తిరిగాడు.

"మీకు మొత్తం ఎంతొచ్చిందండీ? ఇరవై రెండా? మాకు ఇరవై మూడొచ్చిందే. ఎక్కడో ఒకటి వదిలేసుంటారు, చూసుకోండి. పర్లేదు, నేనెవరికీ చెప్పను."

లెక్కలవాడికి మొత్తం కలవలేదన్న మాట చెవినపడితే గుండె ఆగుతుంది. అదీ తోటి లెక్కలవాళ్ళ మధ్య. తప్పెవరిదని ఎవరూ అడగలేదు. తమదేననుకున్నారు. పక్క పుస్తకం ఓరగా చూడటం, రెండుని మూడు చేయడం, పేజీల నెత్తిన మొత్తాలు దిద్దడం, రబ్బరు పొడి ఉఫ్‌మని ఊదేయడం. టీ చల్లారేలోపు ఐదు పుస్తకాలూ కలిసిపోయాయి. మన వృత్తిలో ఇంత ఐకమత్యం నేనెప్పుడూ చూడలేదు.

గురువుగారు లేవలేదు. మజ్జిగ తాగుతూ కూర్చున్నారు. ఆయన బల్ల దగ్గర కుర్రాడు ఒకడు, "సార్, అందరికీ ఇరవై మూడు వచ్చిందట," అన్నాడట. "వాళ్ళకి వచ్చుండొచ్చు," అన్నారట ఆయన.

విరామం అయ్యాక మైకు పట్టుకుని పోల్చడం మొదలుపెట్టాను. ఒకటో బల్ల ఇరవై మూడు. బావది ఇరవై మూడు. ఆయన దొంగ కదా, సరే. మూడో బల్ల ఇరవై మూడు. అక్కడ ఆ అంకె మళ్ళీ ఒకసారి చూశాను. నాలుగు, ఆరు, అవే. ఐదో బల్ల ఇరవై రెండు.

పళ్ళేలు లెక్కపెట్టాను. ఐదు పుస్తకాల ప్రకారం గురువుగారి పళ్ళెంలో నాలుగు లడ్డూలుండాలి. మూడే ఉన్నాయి. బావ పళ్ళెంలో ఒక్కటి ఉండాలి, ఒక్కటే ఉంది.

ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది. రెండు అని నా నోటితో నేనే చదివాను. ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ అందరూ నా మొహంలోకే చూస్తున్నారు, ఫోన్లు కూడా కింద పెట్టేశారు, ఆట తిరగబడిందని ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. ఏదో ఒకటి అనాలి. అన్నాను.

"చూశారుగా. బ్లాక్‌చెయిన్‌లో అయితే అంకె మార్చి మా గురువుగారైనా తప్పించుకోలేరు. ఇంట్లో అమ్మగారి బ్లాక్‌చెయిన్ తప్పించుకుని ఇక్కడ తిన్నట్టున్నారు."

హాలు పగిలిపోయేలా నవ్వారు. నేను ఇన్నేళ్ళలో చెప్పిన ఏ మాటకీ అంత నవ్వు రాలేదు. గురువుగారు తన పుస్తకం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. పెన్ను మూత పెట్టుకున్నారు. నేను సంతోషంగా వందన సమర్పణకి వెళ్ళిపోయాను. సగానికి పైగా కాపీలు చేతులు కలిపితే అబద్ధమే నిజమై కూర్చుంటుంది, అది ఈ పద్ధతికున్న పెద్ద ప్రమాదం అని ఒక స్లైడు ఉంది నా దగ్గర. భోజనం వేళయిందని దాన్ని చూపించలేదు.

కారులో తిరిగొస్తుంటే బావని అడిగాను. "మరి నీ పళ్ళెంలో ఒకటి మిగలాలి కదా. అదేమైంది?"

"తిన్నాను."

"ఎందుకు తిన్నావు బావా?"

"పుస్తకంలో మార్చాక స్టాకు కలవద్దా?" అన్నాడు ఆయన, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు. "సగం పని చేసి వదిలేసే అలవాటు మా ఇంటావంటా లేదు."

అప్పటికి ఇద్దరం నవ్వుకున్నాం.

కొద్ది వారాలకి అమ్మగారు, అంటే గురువుగారి భార్య, ఫోన్ చేశారు. "ఏం బాబూ, మీ గురువుగారు దొంగతనంగా లడ్డూలు తింటున్నారటగా. కూరల మార్కెట్లో చెప్పారు నాకు. ఇప్పుడు జేబులు చూస్తున్నాను రోజూ." ఆవిడ నవ్వుతూనే అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు. "ఆయన పెన్ను తీయడం లేదు బాబూ."

ఆవిడ చెప్పిన సంగతి ఇది. గుడివాడ దగ్గర ఒక రైసుమిల్లు. ఇద్దరు అన్నదమ్ముల బిడ్డలది. మిల్లుకి తాళం వేసి విడిపోదామనుకున్నారు. ఒకరి ఆడిటర్ని ఒకరు నమ్మరు. ఆ చుట్టుపక్కల ఇలాంటివి వస్తే ఇరుపక్షాలూ మా గురువుగారి దగ్గరికే వెళ్తారు, ఆయన వేసిన అంకెకి ఇద్దరూ తలవంచుతారు. ఆయనకి ఉన్న ఆస్తి అదొక్కటే. వాళ్ళూ వెళ్ళారు. ఆయన పుస్తకాలు తెరిచి కూర్చున్నారు. వాళ్ళలో చిన్నాయన, మంచివాడే, కాఫీ అందిస్తూ, "మాస్టారూ, ఇవి లడ్డూల లెక్కలు కావు, కాస్త చూసుకోండి," అని నవ్వాడు. గురువుగారు పుస్తకం మూసి, చెప్పులు వేసుకుని, ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశారు. అప్పట్నుంచి ఎవరు పిలిచినా వెళ్ళడం లేదు. మిల్లు తాళం అలాగే ఉంది.

ఫోన్ పెట్టేశాక మా ఆఫీసులో నేతి వాసన నేను భరించలేకపోయాను.

నిజం చెప్పడానికి ముందు బావని తోడు తీసుకెళ్దామనుకున్నాను. తిన్నవాడు ఆయనే కదా. ఆ వారం ఆయన మనవడికి మోపిదేవిలో చెవులు కుట్టిస్తున్నారు. వెళ్ళాను. గుడి బయట క్యూ పక్కన పట్టుకుని సంగతి చెప్పాను.

"నవ్వులాటకి అన్న మాట. వదిలెయ్ బావా. నాలుగు రోజులైతే వాళ్ళే మర్చిపోతారు."

"వాళ్ళు మర్చిపోరు. ఒక్కొక్కడి దగ్గరా ఒక కాపీ ఉంది. సరే, గుళ్ళోకి వచ్చి స్వామి ముందు చెప్పు, మర్చిపోతారని."

"స్వామి ముందు అబద్ధం ఎందుకు చెప్పిస్తావు నాతో," అన్నాడు బావ. కాసేపు మనవడి ఏడుపు వింటూ నిలబడ్డాడు. "నేనేదో ఒక్క లడ్డూ తిన్నానయ్యా. నువ్వు మైకులో ఆయన్నే తిన్నావు."

ఆయన సరదాకి అన్నాడో నిజంగా అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. మర్నాడే గుడివాడ వెళ్ళాను.

గురువుగారు వరండాలో పేపరు చదువుతున్నారు. నేను నిలబడే అంతా చెప్పాను. బావని నేనే పెట్టానని, రెండు అని చదివింది నాకు గుర్తుందని, తెలిసి కూడా ఆ మాట అన్నానని. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"తెలుసోయ్," అన్నారు.

"తెలుసా అండీ?"

"నువ్వు రెండు అన్నావు. నేను రెండు రాశాను. ఇందులో తెలియకపోవడానికేముంది. నువ్వెప్పుడు వస్తావా అన్నదే తెలియదు. తిన్నానన్నావు, ఫర్వాలేదు. ఈ వయసులో తింటే తింటాను. అంకె మార్చానన్నావు. అది ఎలా అన్నావోయ్?"

కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆయన కాళ్ళు వెనక్కి లాక్కున్నారు.

"నాకు చెప్తే ఏం లాభం? నా పుస్తకం కరెక్టుగానే ఉంది. తప్పు ఉన్నది ఆ ఐదిట్లో. అక్కడికెళ్ళి రాయి. పాతది చెరపమని మాత్రం అడగొద్దు. అదీ ఉండాలి, కింద ఇదీ ఉండాలి."

లోపల్నుంచి అమ్మగారు, "అయితే తినలేదా ఆయన?" అన్నారు.

"లేదమ్మా."

"అయ్యో, కాఫీలో వేసే అర చెంచా చక్కెర కూడా మానేయించానే," అన్నారావిడ.

తర్వాత వచ్చిన మీటింగులో సెక్రటరీని బతిమాలి పది నిమిషాలు తీసుకున్నాను. అదృష్టం కొద్దీ ఆ ఆరు పుస్తకాలూ ఆయన బీరువాలోనే ఉన్నాయి. గురువుగారు రాలేదు. లేచి జరిగింది జరిగినట్టు చెప్పాను. హాల్లో మళ్ళీ నవ్వులు. ముందుసారి కంటే ఎక్కువ. వెనక ఒకాయన, "శిష్యుడంటే అలా ఉండాలండీ, గురువుగారి లడ్డూ నెత్తినేసుకుంటున్నాడు," అన్నాడు. నేను నిజం అన్నకొద్దీ వాళ్ళకి నా గురుభక్తి పెరిగిపోతూ కనబడింది. అప్పుడర్థమైంది, మొదట పంచిన కాపీ ఎంత గట్టిదో.

అప్పుడు బావ లేచాడు. వస్తాడని నేననుకోలేదు. అవనిగడ్డ నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. "తిన్నది నేనండీ," అన్నాడు. "మీ పుస్తకాలు మార్పించింది కూడా నేనే. ఇరవై మూడని మీ అందరికీ చెప్పింది ఎవరు? గుర్తు తెచ్చుకోండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. బావ ఆకారం చూస్తే లడ్డూ విషయంలో ఎవరికీ అనుమానం రాదు, అది ఒక కారణం. రెండో కారణం, టీకప్పుతో ఆయన తమ బల్ల దగ్గరికి రావడం, తాము రబ్బరు తీయడం ఒక్కొక్కరికీ గుర్తొచ్చింది. పక్కవాళ్ళు కూడా అదే పని చేశారని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ప్రతివాడూ ఆ చిన్న దిద్దుబాటు తనొక్కడి రహస్యం అనుకున్నాడు. తలలు వంచుకుని ఒకరినొకరు ఓరగా చూసుకున్నారు.

నేను సిరా పెన్నులు తెచ్చాను. ఐదు బల్లలకీ పంచి, పాత అంకె కింద కొత్తగా రాయమన్నాను: రెండో బల్ల నుంచి ఐదో బల్లకి ఇచ్చినవి రెండే, పైన మూడని ఉన్నది దిద్దుబాటు వల్ల వచ్చిన తప్పు. కింద పొట్టి సంతకం. నాలుగు బల్లల వాళ్ళు రాశారు. ఆరో బల్ల ఆయన పెన్ను పుచ్చుకుని, చేతిలో తిప్పి, పక్కన పెట్టి, "ముందు పెన్సిల్‌తో వేసుకుంటానండీ, కలిశాక సిరా పెడతా," అన్నాడు. సెక్రటరీ వెళ్ళి పక్కన నిలబడితే గానీ పెన్నుతో రాయలేదు.

ఆ కబురు విన్న మిల్లు చిన్నాయన కారు పంపలేదు. తనే నడుపుకుంటూ గురువుగారి గుమ్మంలోకి వచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. ఇద్దరి వాటాలూ తేలి మిల్లు తెరిచారు. పామర్రు ఆయన మాత్రం ఇంకా కథ చెప్తున్నాడని విన్నాను. ఇప్పుడు అందులో లడ్డూ రెండయ్యిందట. అందుకే దీన్ని అచ్చులో పెడుతున్నాను. ఎవరి దగ్గరికి ఆ కాపీ చేరిందో వాళ్ళ దగ్గరికి ఇది కూడా చేరాలి.

అచ్చుకి ఇచ్చేముందు గురువుగారికి చూపించాను. ఆయన పెన్ను తీసి మొదటి నుంచి చివరిదాకా చదివారు. మొదటి పేరాలోనే, 'ఆయనకి లడ్డూలంటే ఇష్టం కూడా లేదు' అని నేను రాసిన వాక్యం ఒకటుండేది. ఆయన తరఫున గట్టిగా వాదిస్తున్నాననుకుని రాశాను. దాని మీద ఒక్క గీత గీశారు, కింద అక్షరాలు కనబడేలా. పక్కన రాశారు: 'ఇష్టమే. ఆ రోజు తినలేదు.' పొట్టి సంతకం చేసి కాగితాలు నా చేతిలో పెట్టారు.